అయ్యాసామి పన్నెండేళ్ల గీత

అరవదేశంలోని రాజపాళయంలో వకీలు వెంకటరామ ఆఫీసులో రెండు గదులు. ముందు గదిలో నడుస్తున్న తగవులు కూర్చునేవి, వెనక గదిలో తీరిపోయిన తగవులు పడుకునేవి. 1950లో అయ్యాసామి గుమాస్తాగా చేరిన రోజున వకీలు అతని చేతిలో మొదట పెట్టింది వెనక గది తాళంచెవి.

"దీన్ని తెరిస్తే తుమ్ములు వస్తాయి. వేరే ఏమీ రాదు," అన్నారాయన.

ఆఫీసు కింద పత్తి కొట్టు. గాలి తిరిగినప్పుడల్లా దూది పోగులు మెట్లెక్కి వచ్చి కట్టల మీద వాలేవి. కట్ట అంటే ఒక వ్యాజ్యం మొత్తం. దావా నకలు, జవాబు, సాక్షుల వాంగ్మూలాలు, వకీలు రాసుకున్న చీటీలు, తీర్పయ్యాక కోర్టు తిరిగి ఇచ్చిన అసలు కాగితాలు, అన్నిటినీ రెండు అట్టల మధ్య పెట్టి నాడాతో బిగించినది. కొండల మీద మబ్బు దిగిన రోజుల్లో కిటికీలోంచి చూస్తే కొండలకీ ఈ కట్టలకీ పెద్ద తేడా కనిపించేది కాదు. రెండూ బూడిదరంగే. రెండూ కదలవు.

కదలకపోవడానికి కారణం ఉంది. తీర్పు వచ్చాక మీ కట్ట తీసుకుపొండి అంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తీసుకుపోరు. గెలిచినవాడూ తీసుకుపోడు, ఓడినవాడూ తీసుకుపోడు. కోర్టు మెట్లెక్కిన కాగితం ఇంటి గడప దాటితే తగవు దాని వెనకాలే లోపలికి వస్తుందని వాళ్ల భయం. "అక్కడే ఉండనీండయ్యా, మీకు పుణ్యముంటాది" అని చేతులు జోడించి మెట్లు దిగిపోయేవాళ్లు. వాళ్లు దిగిన ప్రతిసారీ వెనక గది జానెడు చిన్నదయ్యేది.

అయ్యాసామి ఇంట్లోనూ అంతే. అతని భార్య వల్లి కోర్టు సంచీని లోపలికి రానిచ్చేది కాదు. వాకిట్లో గోడకు ఒక మేకు కొట్టించింది. సంచీ దానికి తగిలించి, కాళ్లు కడుక్కున్నాకే అతనికి అన్నం.

"నీ కట్టలు నిన్ను మింగే రోజు ఒకటి వస్తాది చూడు," అనేది.

"మింగనీ. అప్పుడన్నా ఎవురో ఒకరు వచ్చి కట్ట విప్పుతారు," అనేవాడు అతను.

వెంకటరామ 1960లో పోయారు. మద్రాసులో లా చదివి వచ్చిన కొడుకు శంకర తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. అయ్యాసామి చేతుల మీద పెరిగిన పిల్లాడే. మామా అనే పిలుస్తాడు. కానీ అతను వచ్చిన మూడో నెలలో వెనక గది తలుపు తీసి, తుమ్మి, రుమాలుతో ముక్కు తుడుచుకుని అడిగిన ప్రశ్న అయ్యాసామిని ఆరేళ్లపాటు వెంటాడింది.

"ఇది ఆఫీసా, గోడౌనా మామా?"

"మీ నాయన చేర్చినవి తంబీ."

"చేర్చినారు, సరి. ఎన్నాళ్లు పెట్టుకోవాల? ఏదన్నా రూల్ ఉండాదా?"

అయ్యాసామి పదేళ్లుగా ఆ గది తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతున్నాడు. ఎన్నాళ్లు అని అతను తనను తాను ఎప్పుడూ అడగలేదు.

"నేను చెప్తాను. ఏడేళ్లు. ఏడేళ్లు దాటింది అంతా తీసేయండి. ఇక్కడ టైపిస్టుకు బల్ల వేయాల," అన్నాడు శంకర.

ఏడు ఎక్కడినుంచి వచ్చిందో అయ్యాసామికి అర్థం కాలేదు. వకీలు బీరువాలో లావుపాటి పుస్తకాలన్నీ తిరగేశాడు. కోర్టు తన కాగితాల్ని ఎన్నేళ్లకు చింపాలో వాటిలో ఉంది. తపాలా ఆఫీసు రసీదులకు ఎన్నేళ్లో ఉంది. వకీలు దగ్గర పేదవాడు వదిలిపోయిన కట్టకు ఎన్నేళ్లో మాత్రం ఒక్క పేజీలో లేదు. శ్రీవిల్లిపుత్తూరు కోర్టు వరండాలో ముగ్గురు పెద్ద వకీళ్లను పట్టుకుని అడిగాడు.

ఒకాయన, "పార్టీ చచ్చిందాకా" అన్నాడు. ఇంకొకాయన, "నేను చచ్చిందాకా" అన్నాడు. మూడో ఆయన పొడుం పీల్చి, "చెదలు వచ్చిందాకా. చెదలకంటే మంచి గుమాస్తా ఎవుడయ్యా?" అని నవ్వాడు.

అయ్యాసామికి నవ్వు రాలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. డిక్రీని అమలు చేయించుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు పన్నెండేళ్లు. అది తీరాక ఆ తగవు నిజంగా పడుకున్నట్టే. పన్నెండు అన్న మాట నాలుక మీద బెల్లం ముక్కలా కుదురుకుంది. బస్సు రాజపాళయం చేరేలోపు అది అతని రూల్ అయిపోయింది.

శంకరతో పదిహేను రోజులు పోట్లాడాడు. ఏడుకూ పన్నెండుకూ మధ్య ఆ ఆఫీసులో అంత పెద్ద వ్యాజ్యం అంతకుముందు నడవలేదు. చివరికి శంకర విసిగిపోయాడు.

"సరి మామా, పన్నెండే పెట్టుకోండి. మీరు గెలిచినారు. కట్ట ఇంటికి తీసుకుపోతారా?"

అయ్యాసామి వెనక గది నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీశాడు. గీతకు ఇటు ఉన్నవి ఉంటాయి. అటు ఉన్నవి పోతాయి. పోయే కట్టలవాళ్లందరికీ తన చేతి రాతతో కార్డులు రాశాడు. "మీ వ్యాజ్యపు కట్ట నెల రోజుల్లోగా వచ్చి తీసుకుపోవలెను. తరువాత మా పూచీ లేదు." రాసి రాసి చూపుడువేలు కాయ కాచింది. ఇరవై రోజులు ఎవరూ రాలేదు. ఊళ్లన్నీ కలిసి ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు ఉంది.

ఇరవై ఒకటో రోజు ముత్తమ్మాళ్ వచ్చింది.

ఆమెది చోళపురం. యాభై దాటిన మనిషి. ఎండలో నడిచి వచ్చిన మొహం మీద చెమట చారలు. కార్డు కొంగుకు ముడివేసుకుని వచ్చింది. ఆమె కట్ట 1948 నాటిది. ఆమె భర్తకూ అతని తమ్ముడికీ మధ్య ఒక బావి గురించి వ్యాజ్యం. అయ్యాసామి చేరకముందే తీర్పయింది. తీర్పయిన ఏడాదే భర్త పోయాడు.

అయ్యాసామి కట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె రెండడుగులు వెనక్కి జరిగింది.

"నేను దీన్ని తీసుకుపోయేదానికి రాలేదయ్యా. దీన్ని ఇక్కడే ఉండనీండి అని చెప్పేదానికి వచ్చినాను."

"అక్కా, కార్డులో రాసిందేంటి?"

"బడి వాత్యారు చదివి చెప్పినాడు. అందుకే పరిగెత్తి వచ్చినాను. మా ఇంటాయన కోర్టులో గెలిచినాడు, ఇంట్లో పడుకున్నాడు, లేవలేదు. దీన్ని మళ్లీ ఆ గడప లోపలికి తెమ్మంటారా?"

"కాగితం మనిషిని ఏం చేస్తాదక్కా?"

"కాగితం ఏమీ చెయ్యదు అనేవాడివి, నువ్వేంటికయ్యా తాళం వేసి పెట్టుకున్నావు?"

ముందు గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యాసామి చెవులు వేడెక్కాయి. గీత గురించి చెప్పాడు. పన్నెండేళ్ల గురించి చెప్పాడు. మీ కట్టకు పదమూడు నిండాయని చెప్పాడు. ఆమె అంతా విని, కట్టకు దూరం నుంచే చేతులు జోడించింది.

"లోపల పనికొచ్చేది ఉంటే నువ్వే తీసి పెట్టయ్యా. చదువుకున్నోడివి. నీకు తెలీదా?"

ఆమె మెట్లు దిగిపోయింది.

మరునాడు ఉదయం అయ్యాసామి ఆ కట్ట నాడా విప్పాడు. ప్రతి కట్టనూ అలాగే విప్పేవాడు. ముద్ర కాగితాలూ రిజిస్టరు పత్రాలూ ఉంటే తీసి కవరులో పెట్టి పేరు రాసేవాడు. ముత్తమ్మాళ్ కట్టలో ఒక పొలం పత్రం ఉంది. తీసిపెట్టాడు. దాని కింద ఒక మామూలు తెల్లకాగితం. తెలుపు పోయి ఎండుటాకు రంగుకు తిరిగింది. నాలుగు మూలలా పసుపు పూసి ఉంది. మధ్యలో ఎనిమిది వరసలు. గుండ్రంగా, సజ్జ గింజలు చల్లినట్టు ఉన్న అక్షరాలు. తెలుగు.

అయ్యాసామి ఇంట్లో మాట్లాడేది తెలుగు. కలలు కనేది, కోపం వస్తే తిట్టేది తెలుగే. కానీ చదవడం రాదు. బళ్లో అరవం నేర్పారు, తర్వాత ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు అతను చూసింది తన అవ్వ భజన పుస్తకంలో మాత్రమే. వాటి చుట్టూ పసుపూ కర్పూరం వాసనా ఉండేవి. ఈ కాగితాన్ని ఎత్తి వాసన చూశాడు. పాత పసుపు. ఎనిమిది వరసలు. ఏదో దేవుడి పాట కట్టలో పడిపోయిందనుకున్నాడు.

వెనక్కి తిప్పి చూడలేదు.

తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు ఆ ఒక్క క్షణం అతని కళ్ల ముందు ఆగి నిలబడింది. బొటనవేలు కాగితం అంచు మీద ఉంది. తిప్పితే చాలు. తిప్పలేదు. ఊళ్లో మిల్లు సైరను కూసింది, ఇంకా పదహారు కట్టలున్నాయి, ముక్కులో దూది. కాగితాన్ని మిగతావాటితో కలిపి గీతకు అవతల పడేశాడు.

ఆ వారంలో శివకాశి నుంచి లారీ వచ్చింది. పాత కాగితాన్ని మూటలకు మూటలు ఎత్తుకుపోయారు. అక్కడ దాన్ని చుట్టి మందు కూరి టపాకాయలు చేస్తారు. దీపావళి మరునాడు అయ్యాసామి వీధిలో నడుస్తుంటే చెప్పుల కింద ఎర్రని కాగితం పేలికలు. ఒక పేలిక వంగి తీశాడు. దాని మీద ఎవరో గుమాస్తా రాసిన "పై చెప్పబడిన ప్రతివాది" అన్న మాటలో సగం ఉంది. ప్రతివాది కాలిపోయాడు. అయ్యాసామి ఆ ముక్కను జేబులో వేసుకుని, ఎందుకు వేసుకున్నానా అని ఇంటి ముందు మళ్లీ పడేశాడు.

వెనక గదిలో టైపిస్టు బల్ల వేశారు. గాలి వచ్చింది. మూడేళ్లు నిమ్మళంగా గడిచాయి.

1964 ఎండాకాలంలో ముత్తమ్మాళ్ మళ్లీ మెట్లెక్కింది. ఈసారి ఆమె కూర్చోలేదు.

"కట్ట ఎక్కడయ్యా?"

"ఏమైందక్కా?"

"పాండురంగన్ మోటారు పెట్టినాడు."

పాండురంగన్ ఆమె మరిది కొడుకు. మరిది పోయాక ఆ వాటా అతనిదే. బావి వంతులు ఇలా ఉన్నాయి. ఆదివారం నుంచి బుధవారం దాకా నాలుగు రోజులు ముత్తమ్మాళ్‌వి, గురువారం నుంచి శనివారం దాకా మూడు రోజులు పాండురంగన్‌వి. ఎద్దులతో మోట తోలినన్నాళ్లూ ఎవరు ఎంత తోడినా బావి తేరుకునేది. ఇప్పుడు కరెంటు మోటారు మూడు రోజులు ఆగకుండా తాగుతుంది. ఆదివారం తెల్లారి ఆమె ఎద్దులు మోట దింపితే అడుగు బురద తగులుతుంది. ఎండల్లో ఊట నిండేసరికి నాలుగు రోజులు. ఆమె వంతు తీరిపోతుంది.

"మిరప చేను సగం పోయింది. వాడిని అడిగితే, పెద్దమ్మా నీ రోజు నీది, నా రోజు నాది, నీ రోజున నేను తాకినానా అంటాడు. తాకలేదు. తాకేదానికి ఏముండాది?"

"డిక్రీలో నాలుగు రోజులు మీవే అని ఉండాది కదా."

"రోజులుండి ఏం చేసేది? బావిలో చేప ఉండాదయ్యా."

అయ్యాసామికి అర్థం కాలేదు. ఆమె చేతులతో చూపించింది. బావి లోపలి గోడలో ఒక రాయి మీద చేప చెక్కి ఉంటుంది. నీళ్లు ఆ చేప దాకా దిగితే ఎవరి వంతైనా సరే తోడడం ఆపాలి. చేప కింద నీళ్లు బావివి, మనుషులవి కావు. అన్నదమ్ములిద్దరూ వాళ్ల తండ్రి ముందు కూర్చుని అలా రాసుకున్నారు. బావికి పూజ చేసిన రోజుల్లో ఆమె భర్త ఆ కాగితం బయటికి తీసి గట్టిగా చదివేవాడు. చదివి నాలుగు మూలలా పసుపు పూసేవాడు.

పసుపు అన్న మాట దగ్గర అయ్యాసామి ఆమెను ఆపాడు.

"ఎన్ని వరసలుంటాదక్కా అది?"

"నాకేం తెలుసయ్యా? అరచెయ్యంత రాత. మా మామకు తెలుగు రాత వచ్చు. ఆయన రాసినాడు."

తను పారేసింది అదే కాదేమో అన్న ఆశ ఒకటి అయ్యాసామికి మిగిలి ఉంది. మరునాడు మొదటి బస్సుకు శ్రీవిల్లిపుత్తూరు వెళ్లి కోర్టు రికార్డు గదిలో 1948 రిజిస్టరు తీయించాడు. రికార్డు గుమాస్తా అద్దాలు ముక్కు మీదకు జార్చుకుని వేలు పెట్టి చదివాడు.

"మూడో నంబరు సాక్ష్యం. బావి నీళ్ల ఒప్పందం. తెలుగు లిపి. ఒక షీటు. 1949లో వకీలుకు వాపసు. మీ ఆఫీసు సంతకమే ఉండాది అయ్యాసామీ."

"దానికి అరవంలో తర్జుమా పెట్టి ఉంటారే?"

"పెట్టినారు. అది మా రూల్ ప్రకారం చింపేసినాము. డిక్రీ ఉండాది, అది ఎప్పటికీ ఉంటాది. చదవనా? 'వంతులు నాలుగు, మూడు రోజులు. తక్కిన షరతులు మూడో నంబరు సాక్ష్యంలో ఉన్నట్టు.'"

తక్కిన షరతులు. చేప మొత్తం ఆ రెండు మాటల్లో ఈదుతోంది.

"ఆ కాగితం వెనక మీ ముద్ర ఉంటాదా?"

"ఉండకుండా ఎట్లయ్యా? నీలం ముద్ర, నంబరు, జడ్జీ సంతకం. అన్నీ వెనకే." అద్దాలు పైకి తోసుకుని నవ్వాడు. "మాకు ప్రతిదానికీ లెక్క ఉండాది. ఇది ఇన్నేళ్లు, అది అన్నేళ్లు. మీ వకీళ్లకు లేదా?"

"ఉండాది," అన్నాడు అయ్యాసామి. "నేనే పెట్టినాను."

వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఏడేళ్లు అన్నవాడితో పోట్లాడి గెలిచిన మనిషి తను. పన్నెండు అంటే న్యాయం అనుకున్నాడు. డిక్రీకి వయసుంటుంది, బావికి ఉండదని ఆ బస్సులో ఎందుకు తట్టలేదు? ఏడైనా పన్నెండైనా గీత గీతే. నీళ్లు ఎక్కడ ఆపాలో ఆ ఒప్పందం రాసిన ముసలాయనకు తెలిసింది. కాగితం ఎక్కడ ఆపాలో తనకు తెలియలేదు. ఎవరిమీద కోపగించుకోవాలో తోచక వరండా స్తంభాన్ని అరచేత్తో కొట్టాడు. అరటిపళ్లు అమ్మే ముసలమ్మ తలెత్తి చూసింది.

ముత్తమ్మాళ్‌కు చోళపురం వెళ్లి చెప్పాడు. ఆమె వాకిట్లో కూర్చుని తాళ్లు పేనుతోంది. వింటూ పేనడం ఆపలేదు.

"పాట అనుకున్నావా?"

"ఆమాక్కా, పాటే అనుకున్నాను."

"మనం మాట్లాడేదే కదయ్యా దాన్లో ఉండేది?"

"ఆమా."

"ఇంట్లో పెట్టుకో అని నువ్వు చెప్పినావు. నేను వద్దన్నాను. సరి." తాడు తెగింది. ముడి వేసింది. "ఇప్పుడు నువ్వు కోర్టులో ఇదే చెప్పు. కాగితం ఉండింది, నేను పారేసినాను అని."

ఆమె తరఫున శంకరే దావా వేశాడు. కానీ గుమాస్తా బోను ఎక్కడం అతనికి ఇష్టం లేదు. విచారణకు ముందు రోజు తలుపు వేసి పిలిచాడు.

"మామా, చెదలు తిన్నది అని చెప్పండి. పోయింది అని రుజువైతే చాలు. ఎట్ల పోయిందో ఎవురడుగుతారు?"

"నా గదిలో చెదలా?"

"మామా..."

"పదిహేనేళ్లు తంబీ. నెలకొకసారి వేప నూనె పూసినాను. ఒక్క చెద రాలేదు. నేను పారేసినాను. చెద మీద ఏంటికి పెట్టేది?"

"ఆఫీసు పరువు పోతాది."

"ఆమె చేను పోయింది."

శంకర పెన్ను మూత బిగించి లేచాడు. ఆ తర్వాత అతను నెలలపాటు మామా అని పిలవలేదు. "ఇదిగో చూడండి" అనేవాడు.

1965లో అయ్యాసామి బోను ఎక్కాడు. ఎన్నో ఏళ్లుగా ఆ బోను దగ్గర నిలబడి సాక్షులకు మంచినీళ్లు అందించిన మనిషి. కింది నుంచి చూసినప్పుడు అది అంత ఎత్తుగా ఉండేది కాదు. పాండురంగన్ వకీలు అరవంలో అడిగాడు.

"మీ ఇంట్లో మాట్లాడే భాష?"

"తెలుగు."

"ఆ కాగితం ఏ భాషలో ఉంది?"

"తెలుగులో."

"చదివారా?"

"లేదు."

"ఎందుకు చదవలేదు?"

"చదవడం రాదు."

కోర్టులో నవ్వు పుట్టి, వెనక బెంచీల దాకా పాకింది. వకీలు దాన్ని చల్లారనిచ్చాడు.

"అంటే అందులో చేప ఉందో, ఏనుగు ఉందో మీకు తెలియదు."

"తెలియదు. పసుపు ఉంది."

"పసుపు షరతు కాదు," అని వకీలు కూర్చున్నాడు.

ముత్తమ్మాళ్ చెప్పింది. తన చెవులతో విన్నానని, ఒక్కో వరసా అప్పజెప్పగలనని. రాయగలవా, చదవగలవా అని అడిగితే లేదంది. రాసినవాళ్లూ సంతకం చేసినవాళ్లూ ఎవరూ బతికి లేరు. బావిని చూసి రమ్మని కోర్టు ఒక కమిషనరును పంపింది. ఆయన మెట్లు దిగి చూసి, బావి గోడలో చేప బొమ్మ ఉన్న మాట నిజమే, దాని అర్థం ఏమిటో రాయి మీద రాసి లేదు అని నివేదిక ఇచ్చాడు.

1966 మొదట్లో తీర్పు వచ్చింది. చేప షరతు రుజువు కాలేదు. కాకపోతే వాది వంతు అర్థం లేకుండా పోకూడదు గనక, ప్రతివాది శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు మోటారు ఆపాలి. అంతే. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం తెల్లవారేదాకా ఊట ఎంత ఊరితే అంత. చేప దాకా రాదు. చేప తోక దాకా కూడా రాదు.

"సగం గెలిచినట్టే," అన్నాడు శంకర.

"బావిలో సగం ఎక్కడుంటాది తంబీ?" అన్నాడు అయ్యాసామి.

ఈసారి అతను ఆ ఆర్డరు నకలును వెనక గదిలో పెట్టలేదు. ఇప్పుడు ఏ కట్టనూ పెట్టడం లేదు. వ్యాజ్యం తీరిన వారంలో తనే బస్సెక్కి మంసాపురమో సత్రపట్టో వెళ్లి, పార్టీ ఇంటి ముందు నిలబడి, తీసుకోండి అంటాడు. వాళ్లు చేతులు వెనక్కి పెట్టుకుంటారు. కొందరు తలుపు వేస్తారు. ఒకాయన కుక్కను వదిలాడు. అయ్యాసామి అరుగు మీద కట్ట పెట్టి, పక్కనే కూర్చుని, సాయంత్రం దాకా కదలకుండా మంకుపట్టు పడతాడు. మధ్యాహ్నపు ఎండలో, వాళ్లు తీసుకోని ఇంకో కాగితంలా అక్కడే ఉండిపోతాడు.

నకలు తీసుకుని చోళపురం వెళ్లింది ఒక శనివారం. ముత్తమ్మాళ్ సజ్జలు చెరుగుతోంది. అతని చేతిలో కాగితం చూసి చేట పక్కన పెట్టింది.

"చదువు."

అతను అరవంలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాడు. నెమ్మదిగా, ఒక్కో మాటా. శనివారం పన్నెండు గంటలు అన్న చోట ఆమె వేలెత్తి ఆపి మళ్లీ చెప్పించుకుంది. తర్వాత లేచి, రెండు చేతులా కాగితం అందుకుని, గడప దగ్గర నిలబడింది. గడపకు ఎర్రమన్ను పూసి ఉంది. ఆమె కాలు ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది.

"భయమా అక్కా?"

"ఏంటికయ్యా భయం? తగవు ముందే లోపల ఉండాది. ఇది ఇప్పుడు వస్తా ఉంది, అంతే."

గడప దాటింది. అయ్యాసామి బయటే నిలబడి చూశాడు. లోపల చీకట్లో సజ్జల కుండ మూత తీసిన చప్పుడు. కాగితాన్ని గింజల మీద పరిచి, మూత పెట్టబోతూ అక్కడినుంచే అడిగింది.

"ఎన్నాళ్లు పెట్టుకోవాలయ్యా దీన్ని?"

ఆరేళ్లుగా మోస్తున్న ప్రశ్న వెనుదిరిగి అతని మీదికే వచ్చింది. నాలుక మీద అలవాటుగా పన్నెండు కదిలింది. మింగేశాడు. జవాబు కోసం తల తిప్పితే, దూరంగా చేను వైపు నుంచి ఏదో ఆగకుండా మోగుతోంది. తేనెటీగల గుంపు లాంటి చప్పుడు. ఇద్దరూ విన్నారు.

"టైమెంతయ్యా?"

అయ్యాసామి జేబు గడియారం తీశాడు. పన్నెండున్నర దాటింది.

ముత్తమ్మాళ్ కుండ మూత మళ్లీ తీసింది. కాగితానికి అంటుకున్న గింజల్ని విదిలించి, దాన్ని మడిచి రవికలో దోపుకుని, గడప దాటి బయటికి వచ్చింది. ఈసారి కాలు ఆగలేదు. ఎండలో చేను గట్టు మీద ఆమె వేగంగా నడుస్తుంటే, అయ్యాసామి చెప్పులు వేసుకోకుండానే వెనక బయలుదేరాడు. మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది.